మార్కుల కాగితం పట్టుకెళ్ళిన మనిషి

ఆయన పోయాడని మా నాన్న చెప్పినప్పుడు నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తల ఎత్తలేదు. ఎప్పుడని మాత్రం అడిగాను. మొన్న మంగళవారం అన్నాడు. చేతిలో ఉన్న పేపరు పూర్తిచేసి, మార్కులు వేసి, పక్కన పెట్టబోతూ చూసుకుంటే అది పొద్దున్నే దిద్దేసిన పేపరు. ఎర్రగీతల మీద మళ్ళీ ఎర్రగీతలు పెట్టాను. ఆ పిల్లకి రెండోసారి మూడు మార్కులు తక్కువ వేశాను కూడా.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ముందు నాలుగు మంచిమాటలు రాయడం మర్యాద. నాకు మాత్రం ఆ కబురు వినగానే కోపం వచ్చింది. పదహారేళ్ళుగా నేను పలకరించని మనిషి, ఇక పలకరించడానికి వీల్లేకుండా వెళ్ళిపోయాడన్న కోపం. ఆయన పుట్టుపూర్వోత్తరాలు నాకు పెద్దగా తెలియవు. సోంపేట పక్క ఊరని తెలుసు, కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్‌లో ముప్పై ఏళ్ళు పనిచేశాడని తెలుసు. మిగతాదంతా ఆయన పద్ధతులే.

డాక్‌లో అందరూ ఆయన్ని టాలీబాబు అనేవారు, టాలీ అంటే సరుకు లెక్క. ఓడలోంచి సరుకు దిగేటప్పుడు ఇద్దరు లెక్క రాస్తారు, ఒకడు ఓడ తరఫున, ఒకడు ఒడ్డు తరఫున. క్రేను ఒక్కో వల దింపుతుంటే ఎవరి కాగితం మీద వాళ్ళు గీతలు పెట్టుకుంటారు. షిఫ్టు అయ్యేదాకా ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. చివర్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెడతారు. లెక్క కలిస్తే సరే. కలవకపోతే ఎవరూ తన అంకె మార్చుకోడానికి లేదు. రెండు అంకెలూ అలాగే ఉంచి, తేడా ఉందని రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ తేడా తేలేదాకా అసలు కాగితం ఇద్దరిలో ఎవరి దగ్గరా ఉండదు, మూడో మనిషి దగ్గర ఉంటుంది. ఆయన ఒడ్డు తరఫు మనిషి. ఆ పద్ధతే పట్టుకొచ్చి డాక్ పక్కనున్న మా వాట్‌గంజ్ తెలుగువాళ్ళ పిల్లల చదువుల మీద పెట్టాడు.

మనిషి పొడుగు. మెడ కొంచెం ముందుకి వంగి ఉండేది. కుడిచెవి మీద నీలం పెన్సిలు, ఎడమచెవి మీద ఎర్ర పెన్సిలు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తూ ఉండేది. చెప్పిన కారణాలు లెక్కపెడుతున్నాడని మాకు తర్వాత తెలిసింది. ఒకే సంగతి మాట మార్చి రెండోసారి చెబితే బొటనవేలు ఆగిపోయేది. "ఇది లెక్కేసీసినాం. కొత్తది సెప్పు" అనేవాడు. ఆ మాట అనిపించుకోని తండ్రి మా వీధుల్లో లేడు.

తాళ్ళు అమ్మే కొట్టు మీద ఒక గది ఆయనది. అందులో పెద్ద టీ పెట్టె ఒకటి, దాని నిండా కలకత్తా కాలేజీల ప్రాస్పెక్టస్‌లు. ఏటా హయ్యర్ సెకండరీ ఫలితాలు వచ్చే రోజులకి ట్రాముల్లో తిరిగి, లైన్లలో నిలబడి, కొత్తవి కొనితెచ్చేవాడు. ఆయన చదివింది ఊళ్ళో పదో తరగతి వరకే. ఇంగ్లీషు వేలు పెట్టుకుని చదివేవాడు, అందుకని ఒక్క ముక్క కూడా వదిలేవాడు కాదు. మేం పైన పెద్ద అక్షరాలు చదివేవాళ్ళం, ఆయన కింద చిన్న అక్షరాల దగ్గర మొదలుపెట్టేవాడు. ఓడ కాగితాల్లో ఒక మాట ఉంటుందట, లోపల ఫలానా సరుకు 'ఉన్నదని చెప్పబడినది' అని. అంటే ఉందని ఓడవాడు ఒప్పుకున్నట్టు కాదు, ఉందని ఎవరో చెప్పారని మాత్రమే ఒప్పుకున్నట్టు. ప్రాస్పెక్టస్‌లో ఎక్కడన్నా గొప్పమాట కనిపిస్తే ఎర్ర పెన్సిలుతో దాని కింద గీత గీసి, పక్కన ఆ ముక్క రాసేవాడు. కొన్ని కాలేజీల పుస్తకాలు ఆ గీతలతో ఎర్రబడిపోయి ఉండేవి.

'మంచి' అన్న మాట ఆయన దగ్గర చెల్లేది కాదు. మంచి కాలేజీ అంటే చాలు, బస్తా మీద మంచి అని రాసుంటే లోపల బియ్యమా ఇసకా అని అడిగేవాడు. సలహా మాత్రం ఎప్పుడూ ఇచ్చేవాడు కాదు. ఆనర్స్ చదవాలా, మామూలు డిగ్రీ పాస్ కోర్సు చాలా, ఏ సబ్జెక్టు, ఏ కాలేజీ అని తండ్రులు బతిమాలినా చెప్పేవాడు కాదు. "నాను ఒడ్డు మనిషిని. ఓడ ఎటెల్లాలో నాకేటి తెలస్తాది" అనేవాడు. ఎంత అహంకారమో అనుకునేదాన్ని. తండ్రీ పిల్లా ఇద్దరూ రావాలి, ఇద్దరికీ చెరో కాగితం, ఒకరు గదిలో, ఒకరు మెట్ల మీద. ఆయన మట్టికప్పులో టీ పూర్తయ్యేలోగా రాయాలి. ఆయన టీ చాలా నిదానంగా తాగేవాడు.

వామపక్షం మూడోసారి గెలిచిన మరుసటి ఏడు నా వంతు వచ్చింది. మా వీధిలో ఎవరికీ రానన్ని మార్కులు నాకు వచ్చాయి. ఉత్తరాన ఉన్న పెద్ద కాలేజీలో కెమిస్ట్రీ ఆనర్స్ రెండో లిస్టులో నా పేరు ఎక్కింది. ఆ బోర్డు ముందు నిలబడి నా పేరు మీద వేలు పెట్టి చూశాను, గాజుతలుపు మీద వేలిముద్ర పడింది. వాట్‌గంజ్ నుంచి ఆ కాలేజీకి వెళ్ళిన తెలుగుపిల్ల అంతకుముందు లేదు. అదే వారం మోమిన్‌పూర్ అవతల ఒక చిన్న కాలేజీ నుంచి కార్డు వచ్చింది. అక్కడా కెమిస్ట్రీ ఆనర్సే. పదహారు సీట్లు. చేరేవాళ్ళలో ఎక్కువ మార్కులున్న ఒక్కరికి మూడేళ్ళ పాటు నెలనెలా మెరిట్ స్కాలర్‌షిప్, ఎవరో పాతకాలం వ్యాపారి పెట్టిన నిధి నుంచి. ఆ ఒక్కరూ నేనే.

రెండు చోట్లా గడువు ఒకటే, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు. రెండు చోట్లా ఒరిజినల్ మార్కుల కాగితం దాఖలు చెయ్యాలి. నకళ్ళు పనికిరావు. నా దగ్గరున్న ఒరిజినల్ ఒక్కటి. అది ఎక్కడ ఇస్తే నా చదువు అక్కడ. నేను పెద్ద కాలేజీ అన్నాను, నాన్న చిన్న కాలేజీ అన్నాడు. మూడు రోజులు ఇంట్లో అమ్మ తప్ప ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

సోమవారం నాన్న నన్ను టాలీబాబు గదికి తీసుకెళ్ళాడు. ఆయన ప్రాస్పెక్టస్‌లు రెండూ తీసి, పెద్ద కాలేజీ పుస్తకంలో ఆనర్స్ విద్యార్థులకు పరిశోధనలో పాల్గొనే అవకాశం ఉంటుందన్న వాక్యం కింద ఎర్రగీత గీశాడు. నా ఒళ్ళు మండింది. ఆ వాక్యమే నేను వారం రోజులుగా తలచుకుని మురిసిపోతున్నాను. పెట్టె విప్పి చూడకుండా సంతకం పెట్టకూడదని, మర్నాడు సెలవు పెట్టి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

పెద్ద కాలేజీ లాబొరేటరీ చూసి నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎత్తైన కప్పు, గాజు అలమారాలు, నల్లరాతి బల్లలు. టాలీబాబు అవేవీ చూడలేదు. అటెండరుని పట్టుకుని, డాక్ బెంగాలీలో, కిందటేడు పరిశోధనలో ఎంతమంది చేరారు, వాళ్ళ పేర్లేమిటి అని అడగడం మొదలుపెట్టాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అటెండరు మంచివాడు, ఓపికగా చెప్పాడు. మూడో ఏడు పిల్లల్లో ఇద్దరు, అదీ ప్రొఫెసర్‌గారు ఎవర్ని ఎంచుకుంటే వాళ్ళు. టాలీబాబు నీలం పెన్సిలుతో పుస్తకం అంచున 'ఇద్దరు' అని రాసుకున్నాడు. ఆ ఇద్దరిలో నేనుంటాను కదా అని నాకు కొంచెం కూడా అనుమానం లేదు.

చిన్న కాలేజీలో మెట్ల కింద ఒక గదిలో తెల్లచీర కట్టుకున్న మేడమ్ ఒకావిడ సీసాలు సర్దుకుంటోంది. డాక్ పక్క కాలవలో నీళ్ళు, వీధుల్లో గొట్టపుబావుల నీళ్ళు వారం వారం తెచ్చి పరీక్షిస్తుందట. మొదటి ఏడు పిల్లలు కూడా ఆవిడ దగ్గర పనిచేయొచ్చు. ఏం పని అని అడిగాను. సీసాలు కడగాలి అంది. కడిగిన సీసాలో స్వచ్ఛమైన నీళ్ళు పోసి పరీక్ష చేస్తే ఫలితం సున్నా రావాలి, వరసగా పదిసార్లు సున్నా వచ్చినవాళ్ళకే ఆవిడ అసలు నమూనా ఇస్తుంది. ఒక్కోరికి నెల పడుతుందని, ఒకమ్మాయికి మూడు నెలలు పట్టిందని చెప్పింది. టాలీబాబు స్టూలు లాక్కుని కూర్చుని గంటసేపు అక్కడినుంచి కదల్లేదు. ఆవిడ ఒక్కో సీసా మీద తేదీ, చోటు, చెయ్యి ఎవరిదో రాస్తుంటే తదేకంగా చూశాడు. బయటికి వచ్చాక "ఈ అమ్మ లెక్కెడతంది" అని ఒక్క మాట అన్నాడు. సీసాలు కడగడానికేనా నేను ఇంత చదివింది అని నేను ఏడుస్తూ బస్సెక్కాను.

బుధవారం సాయంత్రం కాగితాలు రాశాం. నేను గదిలో టీ పెట్టె మీద కూర్చుని ఏడు కారణాలు రాశాను. నాన్న మెట్ల మీద కూర్చుని తెలుగులో గుండ్రటి అక్షరాలతో మూడు రాశాడు. టీ కప్పు కింద పెట్టాక టాలీబాబు రెండూ పక్కపక్కన పరిచి పైకి చదివాడు. నా కాగితంలో కాలేజీ పేరు, అక్కడ చదివినవాళ్ళ పేర్లు, మా వీధిలో ఎవరూ వెళ్ళలేదన్న సంగతి, ఇంకా అలాంటివే రెండు. బొటనవేలు ఆగిపోయింది. ఇవన్నీ ఒకటే, పేరు, అని నాలుగు కొట్టేశాడు. ఆరోది పరిశోధన, దాని పక్కన 'ఇద్దరు' అని రాశాడు. ఏడోది ఆయన మెల్లిగా చదివాడు: 'ఈ వీధిలోంచి బయటికి వెళ్ళాలి.' నాన్న తలుపు వైపు చూశాడు. అది నాన్న వినేలా చదువుతాడని తెలిసే రాశానా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. తెలిసే రాశాను.

నాన్న కాగితంలో దగ్గర, స్కాలర్‌షిప్, సీసాల మేడమ్ ఉన్నాయి. టాలీబాబు ఆ కాగితం చాలాసేపు పట్టుకున్నాడు. "ఇంకేటన్నా ఉందేటి?" అని అడిగాడు. నాన్న లేదన్నాడు. మళ్ళీ అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు. నాన్న "ఏటీ నేదు బాబూ" అని లేచి నిలబడ్డాడు. లెక్క కలవలేదు. ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, మార్కుల కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి తన దగ్గరే ఉంచుకున్నాడు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఇద్దరూ రండి, అప్పటికి ఒక మాట మీదకి రండి అన్నాడు. నేను భయపడలేదు. ఆ మనిషి ఎప్పుడూ ఎవరి తరఫునా నిర్ణయం చెయ్యలేదు, నా గొంతు నాన్న గొంతు కంటే పెద్దది, నెగ్గుతాననే అనుకున్నాను.

శుక్రవారం బస్సులు, ట్రాములు సమ్మె. ఆఫీసులున్నాయి, రోడ్డు మీద బండి తిరగడంలేదు. తొమ్మిదికి పావుగంట ముందే నేను గది ముందున్నాను. తాళం వేసి ఉంది. కింద తాళ్ళ కొట్టతను, టాలీబాబు ఆరింటికే వెళ్ళిపోయాడని, చొక్కా లోపల ప్లాస్టిక్ కవరు పెట్టుకున్నాడని చెప్పాడు. మోమిన్‌పూర్ అవతలికి నడిచి వెళ్ళడానికి గంట చాలు, పదింటికి బయల్దేరినా సరిపోతుంది. ఆరింటికే వెళ్ళాడంటే ఉత్తరానికే. అంత దూరం నడవాలి కాబట్టే ఆరింటికి. లెక్క నాకూ వచ్చు. ఇంటికి పరిగెత్తి వెళ్ళి ఆ మాట నాన్నకి చెప్పాను. నాన్న, ఆ వేళ పని లేదని చెప్పి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంట్లో నిలవలేక ఖిదిర్‌పూర్ కూడలికి వచ్చి నిలబడ్డాను. ఎర్రజెండాలు కట్టిన తాడు రోడ్డుకి అడ్డంగా ఉంది. పార్టీ ఆఫీసు ముందు బెంచీలేసుకుని పేపరు చదువుతున్నారు. బళ్ళు తిరగని రోడ్డు మీద మగాళ్ళు ఇటుకలు పేర్చుకుని క్రికెట్ ఆడుతున్నారు. ఆ కూడలిలో రెండు దారులు నాకు కావాలి. ఉత్తరాన వంతెన, పెద్ద కాలేజీ నుంచి ఇంటివైపు రావాలంటే దాని మీంచే రావాలి. దక్షిణాన మోమిన్‌పూర్ రోడ్డు. వంతెన వైపే చూస్తూ నిలబడ్డాను. పన్నెండయింది, ఒంటిగంటయింది. పార్టీ ఆఫీసు గడియారం రెండు కొట్టింది. ఇప్పుడు కాగితం ఎక్కడో ఒకచోట ఉంది, ఇక మార్చడానికి లేదు అనుకున్నాను. వంతెన మీద నడిచి వస్తున్న ప్రతి పొడుగాటి మనిషీ ఆయనలాగే కనిపించాడు.

నాలుగింటికి ఎవరో నా భుజం తట్టారు. ఆయన. దక్షిణం వైపు నుంచి వచ్చాడు.

ముఖం నల్లబడిపోయి ఉంది. ఒక చెప్పు చేతిలో పట్టుకున్నాడు, పట్టీ తెగినట్టుంది. చొక్కా జేబులోంచి రసీదు తీసి ఇచ్చాడు. చిన్న కాలేజీ ముద్ర, కింద సంతకం, రెండింటికి పది నిమిషాలు తక్కువ అని టైము. ఎవర్ని అడిగి ఇచ్చారని అడిగాను. ఎవర్నీ అడగలేదన్నాడు. మా నాన్న చెప్పాడా అంటే, "మీ నాన్నకి తెల్దు. నానే ఇచ్చీసినాను. నా పని" అన్నాడు. రోడ్డు మీద ఆటాగిపోయింది, అందరూ మమ్మల్నే చూస్తున్నారు. నాకు సిగ్గు లేదు ఆ క్షణాన. మీరు ఒడ్డు మనిషినని చెప్పుకునేవారు కదా, ఎవరి ఓడనీ తోలనన్నారు కదా, నా ఒక్కదాని బతుకే దొరికిందా మీకు అని అరిచాను. ఇంక మీ మొహం చూడను అన్నాను.

"సూడకు. సదువుకో గుంటా" అన్నాడు. ఒంటిచెప్పుతో కుంటుకుంటూ వాట్‌గంజ్ సందులోకి వెళ్ళిపోయాడు.

అన్న మాట నిలబెట్టుకున్నాను. అలాంటి మాటలు నిలబెట్టుకోవడం మాకు బాగా వచ్చు. మరుసటి ఏడు నుంచి ఆయన గదిలో పిల్లల చదువుల లెక్కలు ఆగిపోయాయి. ఎవరు వెళ్ళినా, నాకు లెక్క తప్పింది, ఇంక రాకండి అన్నాడట. వయసైపోయిందని వీధిలో అనుకున్నారు. తగిన శాస్తి అనుకున్నాను నేను. ఆ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడంలేదు, అయినా అనుకున్నది అదే.

సీసాలు కడిగాను. పదిసార్లు వరసగా సున్నా రావడానికి నాకు ఏడు వారాలు పట్టింది. ఏడో సున్నా దాకా వచ్చి రెండుసార్లు పోయింది. రెండో ఏడు చివరికి కాలవ నీళ్ళ మీద మేడమ్ ప్రచురించిన పరిశోధన పత్రంలో నాలుగో పేరు నాది. ఆ పత్రం పట్టుకునే పైచదువుకి వెళ్ళాను, పీహెచ్‌డీ చేశాను, ఇప్పుడు ఇదే ఊళ్ళో కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అయితే ఆయన చేసింది ఒప్పా? నాకు తెలియదు. ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్ళినా బీయస్సీ ఎక్కడ అని అడిగేవారు, నేను చెప్పేదాన్ని, ఎదుటివాళ్ళు ఓ అని తలాడించి మళ్ళీ కాగితాల్లోకి చూసుకునేవారు. ఆ 'ఓ' విన్న ప్రతిసారీ నా కోపం మళ్ళీ కొత్తదయ్యేది. పెద్ద కాలేజీలో ఆ ఇద్దరిలో నేనూ ఒకదాన్ని అయ్యేదాన్నేమో, కాకపోయేదాన్నేమో. ఆ పెట్టె నేను విప్పి చూడలేదు, ఇంకెవరూ విప్పి చూపించలేరు.

నేను చేరిన ఏడాదికి నాన్న డాక్ పని మానేశాడు. పెద్దపెద్ద ఇనప పెట్టెల్లో సరుకు వచ్చెయ్యడం మొదలై, బస్తాలు మోసే ముఠాలు అక్కర్లేకుండా పోయాయి. తనే మానేశానని, ఒంట్లో ఓపిక లేదని ఇంట్లో చెప్పాడు. మిగిలిన రెండేళ్ళూ నా స్కాలర్‌షిప్ మీదే బియ్యం వచ్చాయి. కొలతలు నేర్చుకున్నదాన్ని, సీసా మీద తేదీ చూసి ఏది ముందు ఏది వెనక అని చెప్పగలిగినదాన్ని. మా ఇంట్లో ఏది ముందు ఏది వెనక అని ఒక్కసారి కూడా అడగలేదు. తెలుసుకోవాలనుకుంటే తెలిసేదే. కోపంగా ఉండడం నాకు హాయిగా ఉండేది.

నాలుగేళ్ళ కిందట ఏక్‌బాల్‌పూర్ బస్‌స్టాపులో ఆయన్ని చూశాను. చెవుల మీద పెన్సిళ్ళు లేవు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి రెండడుగులు ముందుకి వేసి, ఆగి, చేతిసంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. నేను వచ్చిన బస్సు ఏదో చూడకుండా ఎక్కేశాను. అది నా బస్సు కాదు, రేసుకోర్సు దగ్గర దిగి వెనక్కి రావలసి వచ్చింది.

పదకొండో రోజు భోజనాలకి నాన్నని తీసుకుని వాట్‌గంజ్ వెళ్ళాను. వరసలో కూర్చుని తిన్నాం. ఆయన దగ్గర చదువుల లెక్క రాయించుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు, ఒకాయన బ్యాంకులో ఆఫీసరు, ఒకావిడ నర్సు. వాళ్ళు నవ్వుతూ ఆయన మాటలు చెప్పుకుంటుంటే నేను పెరుగు రాకముందే విస్తరి మడిచేశాను. తిరుగు ప్రయాణంలో ఖిదిర్‌పూర్‌లో ట్రామెక్కాం. మైదానం పక్కనుంచి ట్రాము నిదానంగా వెళుతోంది, మధ్యాహ్నపు ఎండ, పెట్టెలో మేం కాక నలుగురైదుగురు. నాన్న కిటికీలోంచి చూస్తూ, నా వైపు తిరక్కుండా మొదలుపెట్టాడు.

"నీకో మాట సెప్పాలమ్మా. ఆ కాయితం ఇసయం."

నేను చేతిలోని టిక్కెట్టు మడతపెడుతున్నాను.

"ఆ వారానికే మా ముఠా పేర్లు లిస్టులో ఎక్కీసినాయి. ఏడాదికి తీసెత్తారని తెలిసిపోనాది. నీకు సెప్పనేదు. సెబితే సదువే మానీసి ఏదో పనిలో సేరిపోతావని బయం. గురువారం సాయంత్రం ఎల్లి టాలీబాబుకి సెప్పేను. పిల్లకి తెలీకూడదని ఒట్టేయించుకున్నాను."

ఆయన ఏమన్నాడని అడిగాను.

"తెల్లారి లెగిసి నీ కాలేజీకే ఎల్లేడు ముందు. నడిసి ఎల్లేడు. లైన్లో నిలబడి, కౌంటర్ దాకా ఎల్లి, కాయితం బయటికి తీసి, మల్లీ సొక్కాలో ఎట్టీసుకోని ఎనక్కొచ్చీసేడు. అక్కణ్ణించి, కూడలి మీంచి కాకుండా రేసుకోర్సు ఎనకనుంచి సుట్టు తిరిగి, మోమిన్‌పూర్ దాకా నడకే. మద్దిలో ఆగిపోయే సదువులో ఆ పిల్లని ఎలగెట్టనురా అన్నాడు నాతోటి."

ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదని అడిగాను. అరవలేదు. ట్రాములో అరవడానికి నాలో ఏమీ మిగల్లేదు.

"రేపు సెప్దాం, రేపు సెప్దాం అనుకున్నాను. ఏటేటా దసరాకి అడిగేవోడు, గుంటకి సెప్పీసినావేటి అని. నేదంటే తిట్టేవోడు. నువ్వు డాక్టరు డిగ్రీ పుచ్చుకున్న ఏడు కూడా అడిగేడు. సిగ్గేసింది. సెప్పీసినానని అబద్దమాడేను."

ఆరేళ్ళ కిందటి మాట అది. బస్‌స్టాపు కంటే రెండేళ్ళు ముందు. అంటే అక్కడ నన్ను చూసినప్పుడు, నాకు అంతా తెలుసుననే ఆయన అనుకున్నాడు.

అప్పుడేమన్నాడు అని అడిగాను.

"సర్లే, తెలిసింది గదా, అది సాలు అన్నాడు. ఇంక మల్లీ అడగనేదు."

ఎస్ప్లనేడ్‌లో ట్రాము ఆగింది. అందరూ దిగిపోయారు. నాన్నకి మోకాళ్ళు పట్టేస్తాయి, ఆ మెట్టు ఒక్కడూ దిగలేడు. కడ్డీ పట్టుకుని నిలబడి నా వైపు చెయ్యి చాపాడు. నేను ముందే దిగి కింద నిలబడి ఉన్నాను. కండక్టరు బండి వెనక్కి తిప్పాలని అరుస్తున్నాడు. కొంచెంసేపు ఆ చేతిని అలాగే చూశాను. తర్వాత పట్టుకుని దింపాను.